నానోతంతు శోషకం: పొడిగా కొలిస్తే మైనస్ 52 డెసిబెల్, పలకగా చేస్తే మైనస్ 2 కూడా రావడం లేదు

నూలుపోగు (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. మైక్రోవేవ్ తరంగాలను పీల్చుకునే తేలికపాటి పలకను తయారుచేయడం నా పరిశోధన విషయం. పాలీఎక్రిలోనైట్రైల్‌ను డైమిథైల్ ఫార్మమైడ్‌లో బరువుకు 10 శాతం చొప్పున కరిగించి, అందులో ఐరన్ ఎసిటైల్ ఎసిటోనేట్ కలిపి, 18 కిలోవోల్టుల దగ్గర ఎలక్ట్రోస్పిన్నింగ్ (అధిక వోల్టేజితో ద్రావణాన్ని సన్నని తంతువులుగా లాగడం) చేశాను. అల్యూమినియం రేకు మీద పేరుకున్న తెల్లటి పొరను ఒలిచి, గాలిలో 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్థిరపరచి, ఆ తరువాత నైట్రోజన్‌లో 900 డిగ్రీల దగ్గర కర్బనంగా మార్చాను. తంతువు వ్యాసం సుమారు 250 నానోమీటర్లు ఉంది.

ఆ నల్లటి పొరను కల్వంలో నూరి, పారఫిన్ మైనంలో బరువుకు 20 శాతం కలిపి, ఉంగరంలా అచ్చుపోసి, కోఆక్సియల్ గొట్టంలో 2 నుండి 18 గిగాహెర్ట్జ్ వరకు కొలిచాను. వచ్చిన పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థపు స్పందన), పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి స్పందన) విలువలతో లెక్క కడితే, వెనుక లోహపు పలక ఉన్నప్పుడు 2.3 మిల్లీమీటర్ల మందానికి 11.2 గిగాహెర్ట్జ్ దగ్గర పరావర్తన నష్టం (తిరిగి వచ్చే తరంగం ఎంత తగ్గిందో చెప్పే కొలత) మైనస్ 52 డెసిబెల్ అని తేలింది. ఆ సంతోషంతో అదే రకం పొరలు ఎనిమిదింటిని, ఈసారి నూరకుండా నిండు పొరలుగానే ఎపాక్సీలో తడిపి, 30 సెంటీమీటర్ల చదరపు పలకను అదే 2.3 మిల్లీమీటర్ల మందంలో చేసి, అల్యూమినియం పలకకు అంటించి పరీక్షించాను. ఎక్కడా మైనస్ 2 డెసిబెల్ కూడా దాటలేదు. అంటే పడిన శక్తిలో 60 శాతానికి పైగా తిరిగి వచ్చేస్తోంది. రెండుసార్లు కొత్త పలకలు చేసి చూసినా ఫలితం మారలేదు. పొరపాటు కొలతలో ఉందా, తయారీలో ఉందా అన్నది నాకు బోధపడడం లేదు. దయచేసి దారి చూపగలరు.

---

కొలతబల్ల

నూలుపోగు గారూ, మీ రెండు కొలతలూ సరైనవే అయి ఉండవచ్చు. అవి రెండు వేర్వేరు పదార్థాలవి. ఉంగరంలో మీరు కొలిచినది నానోతంతు పొర కాదు. కల్వంలో నూరినప్పుడు తంతువులు కొన్ని మైక్రాన్ల ముక్కలుగా విరిగి, మైనంలో ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా కూర్చున్నాయి. ప్రతి ముక్క చుట్టూ విద్యుద్రోధకమైన మైనం ఉంది కాబట్టి విద్యుత్తు ముక్క దాటి ప్రయాణించలేదు. పలకలో ఉన్నది దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ తంతువులు సెంటీమీటర్ల పొడవున, వేల చోట్ల ఒకదానినొకటి తాకుతూ, అల్లిన వలలాగా పరచుకొని ఉన్నాయి. నిలువుగా వచ్చి పడే తరంగంలో విద్యుత్ క్షేత్రం ఆ వల తలంలోనే ఉంటుంది. కాబట్టి తరంగానికి ఎదురయ్యేది మీరు లెక్కలో వాడిన పర్మిటివిటీ కాదు, దాదాపు ఒక లోహపు రేకు.

ఉంగరం కొలతలోనూ ఒక సంగతి చూసుకోండి. 7 మిల్లీమీటర్ల గొట్టంలో విద్యుత్ క్షేత్రం లోపలి కడ్డీ నుండి బయటి గోడ వైపు వ్యాసార్థం వెంట ఉంటుంది. లోపలి కడ్డీ వ్యాసం 3.04 మిల్లీమీటర్లు. ఉంగరానికీ కడ్డీకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా అది క్షేత్రానికి వరుస సంధానంలో పడుతుంది కాబట్టి, పర్మిటివిటీ ఉన్నదాని కంటే తక్కువగా కనబడుతుంది. ఆ తక్కువ విలువతో లెక్క కడితే ఇంపెడెన్స్ (తరంగానికి పదార్థం చూపే నిరోధం) గాలితో చక్కగా సరిపోయినట్లు అనిపిస్తుంది. ఉంగరం లోపలి అంచును భూతద్దం కింద చూస్తే అది గుండ్రంగా ఉందో, అరిగి ఉందో తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముందు ఒక్క కొలత చెప్పండి. ఎపాక్సీ వేయకముందు ఒక్క పొర చదరపు నిరోధం (చదరపు ముక్క ఒక అంచు నుండి ఎదుటి అంచుకు చూపే నిరోధం) ఎంత? నాలుగు మొనల ప్రోబ్‌తో అయిదు నిమిషాల పని.

---

నూలుపోగు

ఈ రోజే కొలిచాను. పొర మందం సుమారు 40 మైక్రాన్లు, నిరోధం చదరానికి దాదాపు 50 ఓములు. పొర మధ్యలో 42, అంచుల దగ్గర 80 వరకు ఉంది. నిజం చెప్పాలంటే ఈ కొలత ముందే చేయాలన్న ఆలోచనే నాకు రాలేదు. నేను చదివిన పత్రాలన్నిటిలో ఉంగరం పద్ధతే కనబడింది.

---

అలలలెక్క

ఆ ఒక్క సంఖ్యతో విషయం తేలిపోయింది. స్వేచ్ఛా ప్రదేశపు ఇంపెడెన్స్ 377 ఓములు. చదరానికి 50 ఓముల పలుచని పొర ఒకటి గాలిలో ఉంటే, దాని మీద పడిన తరంగపు కంపన పరిమితిలో పరావర్తనమయ్యే భాగం 377ను, 377కు రెండు 50లు కలిపిన మొత్తంతో భాగిస్తే వస్తుంది. అంటే 0.79. శక్తిగా చూస్తే 62 శాతం. ఇది ఒక్క పొరకే. ఎనిమిది పొరలు తరంగదైర్ఘ్యంతో పోలిస్తే దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు అవి సమాంతరంగా కలిసి చదరానికి 6 ఓముల వరకు దిగిపోతాయి. అప్పుడు తిరిగి వచ్చే శక్తి 90 శాతం దాటుతుంది. మీ పొరలు 2.3 మిల్లీమీటర్లలో విడివిడిగా ఉన్నాయి కాబట్టి అంత చెడ్డ ఫలితం రాలేదు గాని, మైనస్ 1, మైనస్ 2 మధ్యలో ఉండడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. తరంగం లోపలికి వెళితేనే కదా పదార్థం దానిని వేడిగా మార్చగలిగేది. మీ పలక దానిని గుమ్మంలోనే నిలిపివేస్తోంది.

మైనస్ 52 గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే ఈ రంగంలో కొత్తవారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఆ సంఖ్యే. మైనస్ 10 డెసిబెల్ అంటే 90 శాతం శోషణ, మైనస్ 20 అంటే 99 శాతం, మైనస్ 50 అంటే 99.999 శాతం. మైనస్ 20 తరువాత మీరు సంపాదించేది చివరి ఒక్క శాతంలో ముక్కలు మాత్రమే. అంత లోతైన గుంట పదార్థపు గొప్పతనం వల్ల ఏర్పడేది కాదు. ముందు తలం నుండి తిరిగి వచ్చిన తరంగమూ, వెనుక లోహం నుండి తిరిగి వచ్చిన తరంగమూ ఒకే పరిమాణంతో, సరిగ్గా వ్యతిరేక దశలో కలిసి ఒకదానినొకటి రద్దు చేసుకున్నప్పుడు ఏర్పడేది. మందం పదో వంతు మిల్లీమీటరు మారితే ఆ గుంట పక్కకు జరుగుతుంది, లోతు సగానికి పడిపోతుంది. లెక్కలో మందాన్ని 0.01 మిల్లీమీటరు మెట్లుగా మారుస్తూ పోతే ఎక్కడో ఒకచోట మైనస్ 60 దొరకడం పెద్ద విశేషం కాదు.

నేనైతే అడిగే ప్రశ్న ఒక్కటే. మైనస్ 10 కంటే కింద ఎంత వెడల్పు పట్టీ వచ్చింది, దానికి ఎంత మందం ఖర్చయింది?

---

అయస్కాంతిక

అలలలెక్క గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. కాని ఈ చర్చలో ఇనుము సంగతి పక్కకు పోతోంది. అయస్కాంత నష్టం ఉన్న పదార్థంలో పర్మియబిలిటీ పెరుగుతుంది, దాంతో ఇంపెడెన్స్ గాలికి దగ్గరవుతుంది, పైగా అదే పౌనఃపున్యానికి కావలసిన మందం తగ్గుతుంది. తరంగాలు తిరిగి రాకుండా కట్టే ప్రతిధ్వని రహిత పరీక్షా గదుల గోడలకు 30 నుండి 1000 మెగాహెర్ట్జ్ పరిధిలో కొద్ది మిల్లీమీటర్ల ఫెర్రైట్ పలకలే వేయగలుగుతున్నామంటే దానికి కారణం ఇదే. అదే పౌనఃపున్యాల దగ్గర కర్బనం నింపిన నురుగు పిరమిడ్లు వాడాలంటే మీటర్ల పొడవు కావాలి.

---

అలలలెక్క

ఫెర్రైట్ పలకల విషయంలో మీరన్నది నిజం. కాని 10 గిగాహెర్ట్జ్ దగ్గర కథ వేరు. స్పైనెల్ ఫెర్రైట్లలో తొలి పర్మియబిలిటీ ఎంత ఎక్కువగా ఉంటే అనునాదం అంత తక్కువ పౌనఃపున్యం దగ్గర వచ్చేస్తుందని 1948లో స్నూక్ చూపిన పరిమితి చెబుతోంది. లోహపు ఇనుములో సంతృప్త అయస్కాంతీకరణ ఎక్కువ కాబట్టి కొంత పైకి వెళ్లవచ్చు. దాని కణాలు చర్మలోతు (లోహంలోకి తరంగం చొరబడగల లోతు) కంటే చిన్నవిగా ఉంటే సుడి ప్రవాహాలు అడ్డుపడవు. అక్కడి వరకు నానో పరిమాణం మేలు చేస్తుంది. కాని నూలుపోగు గారి మైనంలో ఇనుము ఘనపరిమాణంగా ఒక శాతం కూడా ఉండకపోవచ్చు. అంత కొద్ది ఇనుముతో పర్మియబిలిటీ 1 నుండి చెప్పుకోదగినంత కదలదు. కార్బొనిల్ ఇనుము షీట్లలో బరువుకు 70, 80 శాతం ఇనుము నింపేది అందుకే, అవి అంత బరువుగా ఉండేదీ అందుకే.

---

అయస్కాంతిక

ఒప్పుకుంటున్నాను. ఘనపరిమాణ శాతం లెక్క నేను వేయలేదు. అయితే ఇనుము ఇంకో పని చేస్తుంది, అది అయస్కాంత సంబంధమైనది కాదు. కర్బనీకరణ సమయంలో ఇనుప కణాలు ఉత్ప్రేరకంగా పనిచేసి తమ చుట్టూ ఉన్న కర్బనాన్ని గ్రాఫైట్ పొరలుగా మారుస్తాయి. దానివల్ల తంతువు వాహకత పెరుగుతుంది. నూలుపోగు గారూ, మీ పొర 50 ఓములకు దిగడంలో ఇనుము చేయి కూడా ఉందని నా అనుమానం. ఇనుము లేని పొరను అదే ఉష్ణోగ్రతలో చేసి పోల్చి చూడండి.

ఇంకొక మాట. మీ కొలతలో పర్మియబిలిటీ ఊహా భాగం ఎక్కడైనా రుణాత్మకంగా వస్తే దానిని అయస్కాంత శక్తి బయటికి వెలువడుతోందని వ్యాఖ్యానించవద్దు. చాలాసార్లు అది గాలి ఖాళీల వల్లనో, నమూనా మందం అర తరంగదైర్ఘ్యానికి చేరడం వల్లనో నికల్సన్, రాస్, వైర్ పద్ధతి (గొట్టంలో కొలిచిన తరంగాల నుండి పర్మిటివిటీ, పర్మియబిలిటీలను రాబట్టే పద్ధతి) లెక్కలో పుట్టే లోపం మాత్రమే.

---

బొగ్గుపోగు

నేను కర్బన తంతువుల వైపు నుండి చెబుతాను. మీ చేతిలో ఉన్న అతి పెద్ద మీట కర్బనీకరణ ఉష్ణోగ్రత. పాలీఎక్రిలోనైట్రైల్‌ను 600 డిగ్రీల దగ్గర ఆపితే లోపల నైట్రోజన్ చాలా మిగిలి ఉంటుంది, గ్రాఫైట్ ముక్కలు చిన్నవిగా, విడివిడిగా ఉంటాయి, నిరోధం ఎక్కువ. 900 దాటేసరికి ఆ ముక్కలు కలిసిపోయి వాహకత ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ మధ్యలో నిరోధం చాలా నిటారుగా పడిపోతుంది కాబట్టి 20, 30 డిగ్రీల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. కవచానికి, అంటే తరంగాన్ని అవతలికి పోనివ్వకుండా ఆపడానికి, ఎక్కువ ఉష్ణోగ్రత మంచిది. శోషణకు మధ్యస్థ ఉష్ణోగ్రత మంచిది. ఈ రెండు అవసరాలనూ ఒకే మాటగా కలిపేసి రాయడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది. 650 నుండి 750 డిగ్రీల మధ్య 25 డిగ్రీల తేడాతో అయిదు పొరలు కాల్చి, ప్రతిదాని చదరపు నిరోధాన్ని గీత గీయండి. మీకు కావలసిన స్థానం అక్కడే కనబడుతుంది.

స్థిరపరిచే దశను తొందరపెట్టవద్దు. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున పెంచండి. అది వేడిని విడుదల చేసే చర్య, కాబట్టి తొందరపడితే తంతువులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. తెల్లటి పొర పసుపు, గోధుమ రంగుల మీదుగా ముదురు గోధుమకు అంచు నుండి అంచు వరకు సమానంగా మారాలి. పొరను వదులుగా పెడితే ముడుచుకుపోయి ఎండుటాకులా చుట్టుకుంటుంది. స్థిరపరిచేటప్పుడు చట్రానికి బిగించి, కర్బనీకరణలో రెండు గ్రాఫైట్ పలకల మధ్య తేలికగా ఒత్తి ఉంచండి.

దయచేసి ఒక జాగ్రత్త మరవకండి. ఈ పాలిమర్ వేడెక్కినప్పుడు హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది. కొలిమి నుండి వచ్చే వాయువు తప్పనిసరిగా శుద్ధి మార్గం గుండా బయటికి పోవాలి. విరిగిన తంతువుల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, పొరలు కోసేటప్పుడు మాస్కు ఉండాలి.

---

పొరలపని

ఇక్కడి వరకు పదార్థం గురించి చెప్పారు. పలకగా చేసేటప్పుడు ఏం జరుగుతుందో నేను చెబుతాను, ఎందుకంటే నా మొదటి నాలుగు పలకలు ఇక్కడే పాడైపోయాయి.

నానోతంతు పొరలో రంధ్రాలు మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. గాజు గుడ్డ మధ్యలో దానిని పెట్టి వాక్యూమ్‌తో రెసిన్ లాగితే, రెసిన్ సులువైన దారి వెతుక్కొని గాజు గుడ్డ వెంట పరుగెత్తుతుంది గాని నానో పొరలోకి దిగదు. పలక పైకి నిగనిగలాడుతూ బాగానే ఉంటుంది. దానిని కోసి అంచును నునుపుగా రుద్ది చూస్తే, నల్లటి గీత మధ్యలో పొడిబారిన బూడిద రంగు చారలు కనబడతాయి. అవి గాలి చిక్కుకున్న చోట్లు. గోటితో గట్టిగా నొక్కితే అక్కడే పొర విడిపోతుంది. నేనిప్పుడు చేసేదేమిటంటే, గాలి తీసేసిన పలుచని రెసిన్‌ను నానో పొర మీద ఒక మూల నుండి మెల్లగా పోసి, అది కిందికి ఇంకి వెనుక వైపు తడి కనబడే వరకు ఆగుతాను. అప్పుడే దానిని గాజు గుడ్డ మీద పరుస్తాను. పొడి పొర మాట్‌గా ఉంటుంది, తడిసిన పొర మెరుస్తుంది. ఆ తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది.

రెసిన్ ఎక్కిన తరువాత నిరోధం మారుతుంది. తంతువుల కూడళ్లలో రెసిన్ దూరితే పెరగవచ్చు, వాక్యూమ్ ఒత్తిడికి కూడళ్లు దగ్గరైతే తగ్గవచ్చు. అందుకే పక్కన ఒక చిన్న ముక్కకు రెండు అంచులా పలుచని రాగి పట్టీలు అతికించి, అదే పలకలో కలిపి గట్టిపరచండి. గట్టిపడ్డాక వచ్చే నిరోధమే మీ లెక్కలోకి తీసుకోవలసినది.

మధ్యలో 42, అంచుల్లో 80 అన్నారు. సూది ఒకేచోట నిలబడి ఉంటే ఇలాగే జరుగుతుంది. సూదిని పక్కలకు కదిలిస్తూ, తిరిగే డ్రమ్ము మీద సేకరించండి. అయితే డ్రమ్ము వేగం ఎక్కువైతే తంతువులు ఒకే దిశలో వరుసకడతాయి, అప్పుడు పొర తరంగపు ధ్రువణాన్ని బట్టి వేరువేరుగా ప్రవర్తిస్తుంది. పలకను 90 డిగ్రీలు తిప్పి రెండోసారి కొలిస్తే ఆ లోపం దాగదు.

---

కొత్తచూపు

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మాక్సీన్ (లోహపు కార్బైడ్ వంటి పదార్థాల అతి పలుచని వాహక రేకులు) కలిపితే ఈ సమస్య తీరదా? 45 మైక్రాన్ల టైటానియం కార్బైడ్ మాక్సీన్ పొర 92 డెసిబెల్ ఇచ్చిందని 2016లో వచ్చిన ఫలితం చదివాను.

---

కొలతబల్ల

కొత్తచూపు గారూ, ఆ 92 డెసిబెల్ కవచ సామర్థ్యం. అవతలి వైపుకు ఎంత తక్కువ చేరిందో అది చెబుతుంది. ఎంత తిరిగి వచ్చిందో చెప్పదు. రాగి రేకు కూడా గొప్ప కవచమే, కాని శోషకం కాదు. అంత వాహకత ఉన్న పొర ముందు తలం మీదే అధిక భాగాన్ని తిప్పి పంపుతుంది. మాక్సీన్‌ను చాలా కొద్దిగా, తంతువుల మీద విడివిడి రేకులుగా అంటించి వాడితే ఉపయోగం ఉండవచ్చు. అయితే అది తేమలో నెమ్మదిగా ఆక్సీకరణం చెంది టైటానియం డయాక్సైడ్‌గా మారుతుంది కాబట్టి, ఈ రోజు వచ్చిన నిరోధం ఆరు నెలల తరువాత కూడా ఉంటుందని అనుకోకూడదు. నూలుపోగు గారి ఇబ్బంది వాహకత తక్కువై వచ్చినది కాదు.

---

అలలలెక్క

ఇక నిర్మాణం విషయానికి వస్తాను. నూలుపోగు గారూ, ఎనిమిది పొరలు వద్దు. ఒక్క పొరతో మొదలుపెట్టండి. గాజు, ఎపాక్సీ పలకకు పర్మిటివిటీ సుమారు 4.3. 10 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం 30 మిల్లీమీటర్లు, ఈ పలకలో దాదాపు 14.5, అందులో నాలుగో వంతు 3.6. లోహం మీద 3.6 మిల్లీమీటర్ల గాజు ఎపాక్సీ, దాని మీద చదరానికి 377 ఓములకు దగ్గరగా ఉన్న ఒక నానో పొర. ఇది 1952లో పేటెంటు పొందిన సాలిస్‌బరీ తెర సూత్రమే. నేను వేసిన లెక్క ప్రకారం 8 నుండి 12 గిగాహెర్ట్జ్ వరకు మైనస్ 10 కంటే కిందే ఉండాలి. అది పనిచేశాక, ముందు వైపు ఎక్కువ నిరోధం, లోహం వైపు తక్కువ నిరోధం ఉండేలా రెండు మూడు పొరలను దూరం దూరంగా పేర్చి పట్టీని విస్తరించవచ్చు. కర్బనీకరణ ఉష్ణోగ్రతను మార్చి ఒకే పాలిమర్ నుండి వేర్వేరు నిరోధాల పొరలు తీయగలగడం నానోతంతువులకున్న నిజమైన బలం. దానిని వదిలేసి అందరూ ఒకే మిశ్రమంలో అన్ని గుణాలూ వెతుకుతున్నారు.

2 మిల్లీమీటర్లలో 2 నుండి 18 గిగాహెర్ట్జ్ మొత్తం సాధించాలన్న ఆశ ఎవరికైనా ఉంటే 2000లో రోజానోవ్ చూపిన పరిమితిని చూడండి. అయస్కాంత గుణం లేని శోషకానికి వెనుక లోహం ఉన్నప్పుడు, మైనస్ 10 డెసిబెల్ పట్టీని తరంగదైర్ఘ్యాలలో కొలిస్తే, అది మందానికి సుమారు 17 రెట్లు మించదు. 2 గిగాహెర్ట్జ్ అంటే 150 మిల్లీమీటర్లు, 18 అంటే 16.7. తేడా 133. దానిని 17.2తో భాగిస్తే 7.8 మిల్లీమీటర్లు. అంతకంటే పలుచగా ఏ నానో నిర్మాణమూ చేయలేదు. 8 నుండి 18 వరకైతే అదే లెక్క 1.2 మిల్లీమీటర్లే అడుగుతుంది. పెద్ద ఖర్చంతా తక్కువ పౌనఃపున్యాల దగ్గరే ఉంది.

---

నూలుపోగు

ఏడు వారాల తరువాత తిరిగి వస్తున్నాను. మీరందరూ చెప్పిన పనులు వరుసగా చేశాను.

అయస్కాంతిక గారి అనుమానం నిజమే. ఇనుము లేని పొర 900 డిగ్రీల దగ్గర కూడా ఇనుమున్న పొర కంటే ఎక్కువ నిరోధం చూపింది. అందువల్ల ప్రస్తుతానికి ఇనుమును పూర్తిగా వదిలేశాను. బొగ్గుపోగు గారు చెప్పినట్లు 650 నుండి 750 వరకు అయిదు పొరలు కాల్చాను. మొదటి పొర చదరానికి వేల ఓములలో ఉంది, చివరిది రెండు వందల లోపుకు దిగింది. నా పొర మందానికి 725 డిగ్రీలు అనుకూలంగా కనబడింది. డ్రమ్మును నెమ్మదిగా తిప్పి, సూదిని కదిలిస్తూ చేశాక మధ్యకూ అంచుకూ తేడా పదో వంతుకు తగ్గింది. మొదటి పలకలో పొరలపని గారు చెప్పిన బూడిద చారలు కోసి చూడగానే కనబడ్డాయి. రెండో పలకలో పొరను ముందుగా తడిపి పరిచాను, చారలు లేవు. రాగి పట్టీల ముక్క మీద గట్టిపడిన తరువాత నిరోధం చదరానికి 430 ఓములు.

3.6 మిల్లీమీటర్ల గాజు ఎపాక్సీ మీద ఆ ఒక్క పొరతో చేసిన పలక 8.2 నుండి 11.8 గిగాహెర్ట్జ్ వరకు మైనస్ 10 కింద ఉంది. అతి లోతైన చోటు 10 గిగాహెర్ట్జ్ దగ్గర మైనస్ 24. పలకను 90 డిగ్రీలు తిప్పి కొలిస్తే గీత దాదాపు అలాగే వచ్చింది. సంఖ్య మైనస్ 52 కాదు గాని, ఈ పలకను చేతిలో పట్టుకొని చూపించగలను. పాత ఉంగరం కొలతలను నా నివేదికలో తీసివేయలేదు. పొడికీ, పొరకూ మధ్య తేడాను చూపించడానికి పక్కపక్కనే ఉంచాను.

---

కొలతబల్ల

చాలా సంతోషం. 430 ఓములకు లెక్క కడితే గుంట లోతు మైనస్ 23.7 రావాలి. మీ కొలత దానికి అంత దగ్గరగా ఉందంటే పొరా, మందమూ, కొలతా మూడూ నమ్మదగినవే. పోల్చడానికి వాడిన లోహపు పలక సరిగ్గా ఇదే పరిమాణంలో ఉందని మాత్రం ఒకసారి చూసుకోండి, లేకపోతే అంచుల దగ్గర తరంగం వంగడం (వివర్తనం) గీతలో చిన్న అలలుగా కనబడుతుంది. తరువాత తరంగం నిలువుగా కాక 30, 45 డిగ్రీల కోణంలో పడినప్పుడు రెండు ధ్రువణాలకూ కొలిచి ఇక్కడే పెట్టండి. రెండో పొరను ఏ నిరోధంతో, ఎంత దూరంలో పెట్టాలో ఆ గీతలు చూశాక లెక్క వేద్దాం.